నడుము నొవ్వని విసురు

(రెంజల్ వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



ఉదయమునుండి ఈ వేదికపై పెద్దలు విద్యనుగూర్చియు, వివాహ వ్యయములనుగూర్చియు, విద్యార్థి వసతిగృహమునుగూర్చియు ఉపన్యసించిరి. ఇట్టి గంభీర విషయముల నడుమ నడుమునుగూర్చి మాటలాడుటకు మాకనుజ్ఞ నొసంగిన కార్యవర్గమువారికి వందనములు. మా ఉపన్యాస విషయమును చదువగనే సభలో కొందఱు నవ్విరి. కొందఱు తమ నడుమును తడవి చూచుకొనిరి. ఈ రెండవ తెగవారికొఱకే మేము మాటలాడుచున్నాము. నవ్వినవారును వినవచ్చును, ఏలయన, నడుము ఎవ్వరి పక్షమునను శాశ్వతముగా నుండునది కాదు.

నడుమునకు శస్త్రచికిత్స జరిగిన పిమ్మట గోల్ఫు ఆడుట యెట్లు, దేహమున కనుకూలముగా కర్ర విసరుట యెట్లు అనునది విషయము. "ముప్పదియేండ్లు శబ్దములు, ధాతువులు వల్లె వేయించిన పంతులుగారికి గోల్ఫేమి? రెంజల్‌కు గోల్ఫేమి?" అని మీరడుగుట న్యాయమే. మేము చెప్పబోవునది ఆటతో మొదలగును గాని ఆటతో ముగియదు. చివరకు సంఘమువారి నొకటి యాచింపనున్నాము. యాచించువాడు తన కథ ముందు చెప్పుకొనుట లోకాచారము గదా!

మా కథ యిది. పుస్తకముల కట్టయైనను, బియ్యపు బస్తాయైనను, మనుమడైనను నడుము వంచి యెత్తుటయే మాకు తెలిసిన విద్య. 2021వ సంవత్సరమున ఒకనాడు నీళ్ల బిందె నెత్తబోవగా కుడి పిరుదునుండి మడమ వఱకు నిప్పుతీగ లాగినట్లయ్యెను. ఆయుర్వేదమున దీనికి గృధ్రసి యని పేరు. చరకసంహితలో వాతరోగములయందు దీనిని చెప్పియున్నారు. గృధ్రమనగా గ్రద్ద. రోగి నడక ఆ పక్షి నడకను పోలియుండునని ఈ పేరునకు వ్యాఖ్యానము. ఈ పదమును మిత్రులకు మేము పలుమారులు వినోదముగా వివరించితిమి. దాని యర్థము మాత్రము ఆ దినముననే మాకు తెలిసినది.

నడుము భాగమున వెన్నుపూసలు 5 కలవు. పూసకును పూసకును మధ్య చిన్న దిండువంటి డిస్కు ఉండును. దాని లోపల గుజ్జు, చుట్టును నారపొరలు. పొర చిరిగి గుజ్జు వెలికుబికి కాలికి పోవు నరము నొత్తినపుడు ఈ బాధ పుట్టును. అమెరికాలో మిక్‌స్టర్, బార్ అను వైద్యులు 1934లో ఈ కారణమును స్పష్టముగా ప్రకటించిరి. నేటి శస్త్రచికిత్సకు అదియే మూలము. అయితే ఇట్టి బాధ పొందినవారిలో అధికులకు కత్తి తగులకయే కొన్ని వారములలోనో, కొన్ని మాసములలోనో నెమ్మదించును. ఈ మాట గట్టిగా చెప్పుచున్నాము. మా ఉపన్యాసము విని ఎవ్వరును శస్త్రచికిత్సకు పరుగెత్తవలదు. కాని మలమూత్రములపై అదుపు తప్పినను, తొడల నడుమ స్పర్శ పోయినను, పాదమునకు బలము తగ్గుచున్నను ఒక్క దినమైనను జాగు చేయరాదు. మాకు పాదము ముందుభాగము పైకి లేవక చెప్పు జారిపోవుచుండెను. అందువలన శస్త్రచికిత్స చేయించుకొనవలసి వచ్చెను. కాలినొప్పి మఱునాడే చాలవఱకు పోయెను.

నొప్పి పోయెను గాని, దాని పీటమీద భయము వచ్చి కూర్చుండెను. వంగవద్దని ఒకరు, ఎత్తవద్దని ఒకరు, గట్టిగా తుమ్మవద్దని ఒకరు. మంచమునకును కుర్చీకిని మధ్య నిండు నూనెకుండ మోయువానివలె మేము తిరుగుచుంటిమి. మన మండలమున కందకుర్తియొద్ద గోదావరి, మంజీర, హరిద్ర నదులు కలియును గదా! మఱుసటియేడు సంగమ స్నానమునకు పోయి, మోకాలిలోతు నీటిలో నిలిచి, దోసిలి నీరెత్తుటకు వంగ ధైర్యము చాలక, మనుమనిచేత చెంబుతో తలపై పోయించుకొంటిమి. పితరులకు తర్పణము విడుచుటకును వాడే నీరందింపవలసి వచ్చెను. శస్త్రచికిత్స జరిగి అప్పటి కేడాది గడచినది. గాయము మానినది. "ఇక అన్ని పనులు చేసికొనవచ్చు"నని వైద్యుడు చెప్పియుండెను. ఎట్లు చేసికొనవలెనో ఆయన చెప్పలేదు, మేమును అడుగలేదు.

2023లో మా కుమారుని చూచుటకు అమెరికా పోయితిమి. అతడుండునది టెక్సాసు రాష్ట్రమందలి ఫ్రిస్కో పట్టణము. ఆ ప్రాంతమున మన తెలుగు కుటుంబములు మిక్కుటముగా కలవు. గోల్ఫు నేర్పు వృత్తిలోనివారి సంఘమైన పీజీఏ ఆఫ్ అమెరికా 2022లో తన ప్రధాన కార్యస్థానమును ఈ పట్టణమునకే మార్చినది. అమెరికాలో పురపాలక సంఘములు నడుపు గోల్ఫు మైదానములును పెక్కు కలవు. సభ్యత్వము లేనివాడును రుసుము చెల్లించి అందాడవచ్చును. ఒక ఆదివారము కుమారుడు మమ్ము "ఊరక చూచుటకు" అని అట్టి మైదానమునకు తీసికొనిపోయెను.

ఎఱుగనివారికి ఆటను రెండు మాటలలో చెప్పెదము. గట్టి చిన్న బంతిని పొడుగుపాటి కర్రతో కొట్టుచు, దూరమందలి గుంటలో వీలైనంత తక్కువ దెబ్బలలో పడవేయవలెను. ఇట్టి గుంటలు 18. ఇది స్కాట్లాండు దేశపు ఆట. విలువిద్యాభ్యాసమునకు భంగము కలుగుచున్నదని 1457లో ఆ దేశమున దీనిని నిషేధించిరి. ఆట నిలువలేదు, నిషేధమే నిలువలేదు. మన దేశమున కలకత్తాలో 1829లోనే గోల్ఫు సంఘము వెలసినది. బెంగుళూరిలో 1876లో వెలసినది. హైదరాబాదులో గోల్కొండ నయాకిల్లా ఆవరణమున గోల్ఫు మైదానము కలదు. మాకైతే చూచినంతనే చిన్ననాటి చిర్రగోనె జ్ఞప్తికి వచ్చెను. అచ్చట చిర్ర తానై యెగురును. ఇచ్చట బంతి కదలక మన తప్పుకొఱకు కాచుకొనియుండును. అంతియే భేదము.

ఆ మైదానమున మన తెలుగు పెద్ద యొకరు కనబడిరి. వయస్సున మాకంటె పదియేండ్లు పెద్ద. నడుమునకు రెండుమారులు శస్త్రచికిత్స జరిగినదట. ఆయన కర్ర విసరుచుండగా తలుపు తెఱచినట్లు దేహమంతయు ఒక్కటిగా తిరిగి మరల మూసికొనుచుండెను. ఎచ్చటను బలాత్కారము లేదు. "అయ్యా, నడుము నొవ్వదా?" యని అడిగితిమి. "నడుముతో కొట్టినన్నాళ్లు నొచ్చెను, ఇప్పుడు తుంటితో కొట్టుచున్నాను" అని ఆయన పలికెను. తాను నేర్చుకొన్న గురువునొద్దకు మమ్ము ఆయనయే తోడ్కొనిపోయెను. అఱువదియేండ్లు దాటిన పిదప మరల మేము శిష్యులమైతిమి.

ఆ గురువు మాకు మొదటి దినమున బంతి చూపనే లేదు. కర్రను వెన్నువెంబడి నిలువుగా పట్టించి, తల వెనుకను, భుజముల నడుమను, పిరుదులపై త్రికాస్థియొద్దను మూడుచోట్ల తాకునట్లు చేసి, "ఈ మూడు చోట్లను విడువక వంగు"మనెను. మేము వంగగనే కర్ర తల వెనుకనుండి తొలగెను. అఱువదియేండ్లు మేము వంగుట యనుకొన్నది నడుమును విల్లువలె వంచుట. ఆయన నేర్పినది తుంటి కీలు నొద్ద మడుచుట: మోకాళ్లు కొంచెము సడలును, పిరుదులు వెనుకకు పోవును, వెన్ను మాత్రము చెదరదు. ఈ వంగుట పట్టుబడుటకు మాకు వారము దినములు పట్టెను.

రెండవ పాఠము త్రిప్పుట. నడుమందలి అయిదు పూసలు ముందువెనుకలకు బాగుగా వంగును గాని, మెలి తిరుగుటకు అంతగా పనికిరావు. అయిదును కలిసి ఒక ప్రక్కకు తిరుగునది సుమారు 10 డిగ్రీలు మాత్రమే. ఱొమ్ము వెనుకనున్న 12 పూసలు దానికి సుమారు మూడింతలు తిరుగును. తుంటి కీళ్లు అంతకంటెను తిరుగును. గోల్ఫులో పూర్తి విసురునకు భుజములు సుమారు 90 డిగ్రీలు తిరుగును. పాదములను నేలకు బిగించి, కటిని కదలనీయక, ఆ తిప్పుటనంతయు మొండెముచేతనే చేయించినచో ఆ మెలి యెచ్చట పడునో మీరే యూహింపుడు. దూరముకొఱకు ఇట్లు బిగించి కొట్టు పద్ధతి ఇటీవలి దశాబ్దములలో ప్రబలినది. కొట్టునట్టి క్షణమున నడుము డిస్కులపై పడు ఒత్తిడి శరీరభారమునకు 8 రెట్ల వఱకు ఉండునని కొలిచి చూచినవారు చెప్పియున్నారు. 60 కిలోల మనిషికి అది దాదాపు అయిదు క్వింటాళ్లు. ఆ భారము పడుచుండగా మెలి పెట్టుట మంచిదా యని వేఱుగా చెప్పనక్కఱలేదు.

కావున దేహమున కనుకూలమైన విసురున నేర్చుకొనవలసినవి ఇవి. కుడిచేతివాటము వానికి చెప్పుచున్నాము. ఎడమచేతివాటము వారు మార్చుకొందురు గాక. పాదములు రెంటిని కొంచెము వెలికి త్రిప్పి నిలువవలెను. అప్పుడు తుంటి సులభముగా తిరుగును. కర్రను వెనుకకు తీసికొనునపుడు ఎడమ మడమను నేలనుండి లేవనీయవలెను. మడమ లేచినచో కటి తిరుగును. కటి తిరిగినచో నడుమునకు మెలి తప్పును. ఇది క్రొత్త కల్పన కాదు. పూర్వపు మేటి యాటగాడు బాబీ జోన్సును, తరువాతి జాక్ నిక్లాసును మడమ లేపియే ఆడిరి. కర్రను తలపైకి పూర్తిగా తీసికొనిపోక ముప్పాతికతో ఆపవలెను. కొట్టిన పిదప దేహభారమంతయు ఎడమకాలిపైకి వచ్చి, కుడి మడమ లేచి, ఱొమ్మును బొడ్డును బంతి పోయిన దిక్కును చూచుచు, నిటారుగా నిలిచి ముగింపవలెను. నడుమును వెనుకకు విఱిచి విల్లువలె ముగించుట చూడ ముచ్చటగా నుండును. దాని వెల నడుము చెల్లించును. గుంటలోని బంతిని తీయునపుడు కర్రపై నొకచేయి ఆనించి, ఒక కాలు వెనుకకు లేపి, తుంటినుండి వంగవలెను. కర్రల సంచిని ఒక భుజమున మోయక చక్రముల బండిపై లాగుకొనవలెను. ఆటకు ముందు పది నిమిషములు నడచి, కీళ్లు వెచ్చబఱచుకొనవలెను. చాలునని దేహము చెప్పినపుడు, ఇంకొక్కటి యని మనస్సు చెప్పుదాని వినరాదు.

ఇట్లు చేసినచో దూరము తగ్గదా? తగ్గును. మా బంతి నూఱు గజములు పోవునప్పటికి ప్రక్కనున్న యువకుని బంతి రెండువందల గజములు దాటుచుండెను. కాని మఱునాడుదయము మేము మంచముపైనుండి మామూలుగా లేచితిమి. మా వయస్సున ఆటలో గెలుపన నదియే.

ఇంకొక సంగతి. శస్త్రచికిత్స జరిగినవాడు మరల మైదానమునకు వచ్చుటకు క్రమము కలదు. నడక సాధారణముగా మొదటి దినములలోనే మొదలగును. మంచము పట్టియుండుట మేలు చేయదు. డిస్కు తునుక తీసిన శస్త్రచికిత్సయైనచో సుమారు ఆఱు వారములు లోతుగా వంగుట, మెలి తిరుగుట, బరువెత్తుట మానవలెను. ఆపైన గుంటయొద్ద మెల్లని చిన్న దెబ్బలు. సుమారు మూడు మాసములకు పూర్తి విసురు. పూసలను కలిపి బిగించిన శస్త్రచికిత్సయైనచో ఆఱు మాసములో, అంతకు మించియో పట్టును. ఒక్కొక్కని దేహ మొక్కొక్క తీరు. కావున కత్తి పట్టిన వైద్యుని మాటయే ప్రమాణము. మేము పంతుళ్లమే గాని వైద్యులము కాము.

ఈ యాటలోని మహాయోధుల చరిత్రమును చూడుడు. లీ ట్రెవినో అను నాతనిపై 1975లో ఆటమధ్య పిడుగు పడెను. పిదప నడుము చెడి శస్త్రచికిత్స యయ్యెను. అయినను 1984లో, 44 ఏండ్ల వయస్సున, పీజీఏ ఛాంపియన్‌షిప్ గెలిచెను. టైగర్ వుడ్స్ నడుమునకు 2014లో ఒకమారు, 2015లో రెండుమారులు శస్త్రచికిత్స జరిగెను. 2017లో నాలుగవమారు పూసలను కలిపి బిగించిరి. 2019 ఏప్రిలులో ఆతడు మాస్టర్స్ పోటీ గెలువగా లోకము ముక్కుపై వ్రేలిడుకొనెను. కథ యిచ్చట ఆపినచో అందముగానే యుండును. ఆపుట మాత్రము న్యాయము కాదు. అతనికి 2020లోను, 2024లోను, 2025లోను నడుము శస్త్రచికిత్సలు మరల జరిగినవి. లోకములోని ఉత్తమ వైద్యులు, శిక్షకులు, కావలసినంత ధనము, విశ్రాంతి గలవానికే ఇట్లైనది. కత్తి నడుమును క్రొత్తది చేయదు. బాగుపడుట కవకాశ మిచ్చును. ఆ యవకాశమును నిలుపుకొనుటకు రెండు కావలెను: వంగు రీతి మార్చుకొనుట ఒకటి, మార్చుకొనుటకు కాలము రెండవది.

ఈ రెండవదానిని మేము రెంజల్ వచ్చిన తరువాత నేర్చుకొంటిమి.

అమెరికానుండి వచ్చునపుడు పాత సామానుల దుకాణములో ఏడవ నంబరు ఇనుప కర్ర యొక్కటి కొని తెచ్చితిమి. వరి కోసిన పిదప మా మడిలో ఉదయము ఎండ ముదురక ముందు పది పదునైదు బంతులు కొట్టుచుంటిమి. "పంతులు సారు ముసలితనంల చిర్రగోనె ఆడుతున్నడు" అని పిల్లలు మూగిరి. బంతులు తెచ్చియిచ్చుటకు వారిలో వారికి తగవులు వచ్చెను. ఒకనాడు ఆ పిల్లల వెనుక గట్టుపై మా పూర్వశిష్యుడొకడు వచ్చి కూర్చుండెను. మన కులమువాడే, పేరు చెప్పము. బోధనునందు 1937లో స్థాపింపబడిన నిజాం చక్కెర కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడువఱకు వాని యింటివారందఱు చెరకు నమ్ముకొని బ్రతికినవారు. అటుపిమ్మట మిగిలిన తోటలలో చెరకు నఱుకుట, కోతలు లేనపుడు ధాన్యపు బస్తాలు మోయుట వాని వృత్తి. వానికిని మా శస్త్రచికిత్స వంటిదే జరిగినది. అప్పుడు మేమే ఇల్లిల్లు తిరిగి, మన సంఘ సభ్యులయొద్ద చందాలు పోగుచేసి, ఆసుపత్రి వ్యయమునకు సాయపడితిమి. ఆ సంగతి ఆ యేటి సభలో చదివించుకొని చప్పట్లును కొట్టించుకొంటిమి.

వాడు లేచునపుడు గట్టుపై చేయి మోపి, కాలీడ్చుచు లేచెను. "ఏమిరా, తగ్గలేదా?" యని అడిగితిమి. వాడు కోపపడలేదు, నవ్వినట్లే చెప్పెను: "సారూ, మీరు ఏడాది కూసున్నరు. నేను ఇరవై దినాలు కూసున్న. ఇంట్ల బియ్యం ఒడిసినయి, బస్తా ఎత్తిన. గంతే ఫరకు."

ఇరువదియొకటవ దినమున వాడు బస్తా ఎత్తెను. ఆ వారములోనే పాతచోటనే డిస్కు మరల వెలికి వచ్చెను. మాకును వానికిని రోగ మొక్కటే, చికిత్స యొక్కటే. భేదమెల్ల ఆఱు వారముల బియ్యము. ఆసుపత్రికి చందా లెత్తిన మేము, ఆ యింటి పొయ్యి ఆఱు వారములు ఎట్లు వెలుగునని ఒక్కమారైన తలపలేదు. ముప్పదియేండ్లు పిల్లలకు ప్రశ్నలు వేసినవారము. వేయవలసిన ప్రశ్న నొక్కటి వేయలేకపోయితిమి.

ఆనాటినుండి మా మడిలో ఆట తగ్గి పాఠము పెరిగినది. వాని ఫిజియోథెరపిస్టు నడిగి, అనుమతి పొంది, మేము నేర్చిన వంగుటను వానికి చూపితిమి. వాడును మాకు తన పనిని నేర్పెను. చెరకును నేలమట్టముగా నఱుకవలెను. మొదటి గణుపులలోనే చక్కెర యెక్కువ. మోడు ఎత్తుగా విడిచినచో తూకమును, తీపియు నష్టమగును. కావున చెరకు నఱుకువాడు వంగకుండుటకు వీలులేదు. వంగుట తప్పనపుడు వంగు రీతియే రక్ష. కాళ్లు ఎడముగా నుంచి, మోకాళ్లు సడలించి, తుంటినుండి మడిచి, గడను ఎడమచేత పట్టి, ఆ పట్టునే ఊతగా చేసికొని నఱుకుట వాడు నేర్చుకొనుచున్నాడు. కట్టను ప్రక్కకు వేయునపుడు నడుము త్రిప్పక పాదమే త్రిప్పవలెను. పారతో మట్టి వేయునపుడు నిదియే సూత్రము. చూపు పోవు దిక్కునకు కాలి బొటనవ్రేలు పోవలెను. బస్తాను దేహమునకు ఆనించి ఎత్తవలెను, చేతుల చివర మోయరాదు. వీలైనచో ఇద్దఱు పట్టవలెను. నాట్లు వేయు సోదరీమణులు గంటకొకమారు గట్టెక్కి, నడుముపై చేతులుంచి వెనుకకు మెల్లగా వంగి, నాలుగడుగులు నడచి మరల దిగుట మేలు. గోల్ఫు గురువు ఫ్రిస్కోలో చెప్పినదానికిని, మన పొలమున చేయవలసినదానికిని సూత్రభేదము లేదు, ఉదాహరణములే వేఱు.

ఈ సంవత్సరము సంగమమునకు మరల పోయితిమి. తుంటినుండి మడిచి, దోసిలితో మా నీరు మేమే యెత్తితిమి. మనుమడు చెంబు పట్టుకొని ఊరక నిలుచుండెను. ఆ సుఖము ఎట్టిదో చెప్పజాలము. అది మా యొక్కరికే దక్కుట మాకు సిగ్గు కలిగించినది.

ఇక యాచన. సంఘమువారు ఆఱు వారముల గ్రాసనిధి యొకటి యేర్పఱుపవలెనని ప్రార్థించుచున్నాము. మనవారిలో కాయకష్టము చేసికొనువారికి నడుము శస్త్రచికిత్స జరిగినపుడు, ఆసుపత్రినుండి వచ్చిన దినము మొదలుకొని ఆఱు వారములు ఆ యింటికి బియ్యము, పప్పు, నూనె, ఉప్పు చేరవలెను. వైద్యుడు ఇంకను విశ్రాంతి కావలెనన్నచో గడువు పెంపవలెను. ఇచ్చునది దానమని చెప్పరాదు, సభలో పేరు చదువరాదు, పటము తీయరాదు. దీనికి తోడు సంవత్సరమున కొక్కమారు, నాట్లకు ముందు, ఫిజియోథెరపిస్టు నొకరిని పిలిపించి, స్త్రీ పురుషులకు వంగుట, ఎత్తుట, త్రిప్పుట చేసి చూపింపవలెను. ఉపన్యాసము వలదు, ఈ విషయమున ఉపన్యాసములు చాలును, మాది కూడ కలిపి.

ధనమెచ్చటిదని కోశాధికారిగారు చూచుచున్నారు. నేడీ వేదికపై కప్పిన శాలువలను, వేసిన పూలదండలను మేము లెక్కించితిమి; పంతుళ్లకు లెక్కించుట యలవాటు. వాని వెలతో ఒక యింటికి ఆఱు వారముల గ్రాసము గడచి కొంత మిగులును. మాకు కప్పిన శాలువ ఇదిగో, ఈ బల్లపై నుంచుచున్నాము. దీని వెలను, దీనికి తోడు మా ఒక మాసపు పింఛనును ఆ నిధికి మొదటి జమగా వ్రాసికొనుడు. పోషకులు తమ తమ యిష్టము చొప్పున వ్రాయింతురు గాక.

మా శిష్యుడు ఈ సభకు వచ్చినాడు. ఎచ్చట కూర్చుండెనో చూపము. అతడు లేచునపుడు చేయి మోపక లేచిన దినమున మా యీ యుపన్యాసము సఫలమైనదని తలంతుము.